కాల్క్యులస్ బీసీకి ఖాన్ అకాడమీ: మా ఇంటి అనుభవం
న్యూజెర్సీలో మా అమ్మాయి స్కూల్లో ఏపీ కాల్క్యులస్ బీసీ (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి గణితం కోర్సు) లేదు. ఇంట్లోనే ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో చదువుకుంది. పూర్తిగా ఉచితం. టేలర్ సిరీస్ అనే పాఠం తనకు అక్కడే అర్థమైంది.

కానీ వీడియోలు చూస్తే సరిపోదు. మార్చి నుంచి ప్రతి ఆదివారం ఏపీ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డ్ సైట్‌లోని పాత ప్రశ్నలు, 6 పెద్ద ప్రశ్నలు 90 నిమిషాల్లో, గడియారం పెట్టి రాయించాను. ఒక్కోదానికి 9 పాయింట్లు. స్కోరింగ్ గైడ్‌లైన్స్ పక్కన పెట్టుకుని తనే దిద్దుకునేది. జవాబు సరిగ్గా వచ్చినా కారణం రాయకపోతే పాయింటు పోతుందని అప్పుడే తెలిసింది. ఆ అలవాటే తనను నిలబెట్టింది.

అన్నట్టు, బయటి విద్యార్థిని పరీక్షకు కూర్చోనిచ్చే స్కూల్‌ని సెప్టెంబర్‌లోనే వెతుక్కోండి. మాకు చదువు కంటే దాని టెన్షనే ఎక్కువైంది. మేలో రాసింది, 5కి 5 వచ్చింది.