లండన్‌లో నేను వాడే న్యూస్ యాప్: ర్యాలీ రోజు చేతులెత్తేసింది (2/5)

2023 నవంబర్ 11న గాజాలో కాల్పులు ఆపాలని హైడ్ పార్క్ నుంచి వాక్సాల్ బ్రిడ్జి దాటి అమెరికా ఎంబసీ వైపు పెద్ద ర్యాలీ జరిగింది కదా, పోలీసుల లెక్కే 3 లక్షల మంది. ఆ రోజు నాకు షిఫ్ట్ ఉంది, యాప్ తెరిస్తే పొద్దున్నుంచీ "ట్రాఫిక్ అస్తవ్యస్తం" అని ఒకటే గోల, అరె బాబూ ఏ బస్సు ఎటు తిప్పారో చెప్పవయ్యా అంటే ఒక్క ముక్క లేదు, సగం దారిలో దిగి నడుచుకుంటూ పోయా. జనం ఎందుకొచ్చారో రెండు లైన్లు, ప్రయాణికుల విసుగు మాత్రం పేజీలకి పేజీలు. యుద్ధం వద్దన్నోళ్లంతా బస్సులాపడానికే వచ్చినట్టు రాశారు. చివరికి లండన్ బస్సులూ రైళ్లూ చూసుకునే సంస్థ టీఎఫ్ఎల్ సైటే దిక్కయింది. ఆ రెండు స్టార్లు కూడా ఫొటోలకే, అవి బాగున్నాయిలెండి. డబ్బు కట్టి తీసుకునేంత సీన్ లేదు.