రేడియేటర్ లీకుకు తాత్కాలిక మరమ్మతు: స్టాప్ లీక్ ద్రవమా, ఎపాక్సీ ముద్దా?

40 డిగ్రీలు దాటే ఎండలో నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండల మీదుగా ఒంగోలుకు పాత కారు నడిపేవారికి రేడియేటర్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారడం చిన్న విషయం కాదు. కొత్త రేడియేటర్‌కు డబ్బు సమకూరేవరకు, లోపల పోస్తే లీకును మూసే స్టాప్ లీక్ ద్రవం, బయట పూస్తే గట్టిపడే ఎపాక్సీ ముద్ద రెండూ చవకైన మార్గాలే కనుక, ఖర్చు కన్నా లీకు తీరును చూసి ఎంచుకోవడం మంచిది.

శ్రమ: స్టాప్ లీక్‌ను చల్లారిన రేడియేటర్‌లో పోసి ఇంజిన్ నడిపితే చాలు. ఎపాక్సీకి కూలెంట్ దించి, లోహాన్ని గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా ఆరబెట్టి, ముద్ద గట్టిపడేదాకా గంటల తరబడి ఆగాలి.

ప్రమాదం: స్టాప్ లీక్ వ్యవస్థ అంతటా తిరుగుతుంది, ఏళ్లుగా బోరు నీళ్లు పోయడం వల్ల సున్నపు పొర కట్టి ఇరుకైన గొట్టాలను కూడా అది పూడ్చివేయగలదు, అప్పుడు లీకు ఆగినా ఇంజిన్ వేడెక్కుతూనే ఉంటుంది. పాత బండ్ల విషయంలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఎపాక్సీ పైపైనే ఉంటుంది, కాని ప్లాస్టిక్ ట్యాంకుపై సరిగా అతుక్కోదు.

లీకు కంటికి కనిపించి, ఒక పూట ఆగగలిగితే ఎపాక్సీయే మేలు. చోటు తెలియని సన్నని కారుడుకు, గొట్టాలు శుభ్రంగా ఉన్న బండిలో, సీసాపై రాసిన కొలత మించకుండా స్టాప్ లీక్ వాడవచ్చు. హోస్ (కూలెంట్ పారే రబ్బరు గొట్టం) పగిలినా, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగపు అతుకులో ఉండే సీలు) పోయినా రెండూ పనికిరావు. బండి ఆపి మెకానిక్‌ను పిలవాలి.