హనోయ్‌లో గది, మీ సన్‌లో గుడి

వియత్నాం సంస్కృతి చూడాలని బయల్దేరేవాళ్లకి నా మొదటి సలహా: హనోయ్ పాతబస్తీలో "కిటికీ ఉన్న గది" అంటే, ఆ కిటికీ ఫొటో తెప్పించుకున్నాకే డబ్బు కట్టండి. మాకు రాత్రికి 7,00,000 డాంగ్‌లు, అంటే 2,300 రూపాయల పైమాటే. తెర లాగి చూస్తే జానెడు దూరంలో పక్క మేడ గోడ, దానికి ఏసీ డబ్బా, రాత్రంతా నీళ్ల చుక్కల చప్పుడు. కౌంటర్‌లో అమ్మాయి నవ్వు చెదరకుండా "విండో ఉంది కదా సార్" అంది. ఉంది మరి! గది మార్చాలంటే రాత్రికి ఇంకో 2,50,000 అట. పాస్‌పోర్టులు అప్పటికే వాళ్ల దగ్గరున్నాయి, గొంతు పెంచడానికి నాకు టెన్షన్. మా ఆవిడ పెంచింది. బేరం లక్షకి తెగింది.

ఈలోగా మా అత్తగారు అలిగారు. ఆవిడ పక్కా శాకాహారి. ఎక్కడ చూసినా చేపల సాస్ వాసన. "ఎందుకు తీసుకొచ్చావు బాబూ నన్నిక్కడికి" అని అరటిపళ్లతో సరిపెట్టుకున్నారు. హనోయ్‌లో నీళ్ల మీద ఆడించే కొయ్యబొమ్మలాట, సాహిత్య దేవాలయంలో రాతి తాబేళ్ల మీద నిలబెట్టిన, పండితుల పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు మాత్రం తప్పక చూడాల్సినవే.

హువేలో న్గుయెన్ రాజుల కోట (టికెట్ 2,00,000) చూసి, రైల్లో డా నాంగ్ చేరాం. ఎడమవైపు సీటు అడగండి, హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం అటువైపే.

అసలు యాత్ర మాకు మీ సన్ అనే పాత గుళ్ల చోట మొదలైంది. డా నాంగ్ దగ్గరి పాత ఊరు హోయాన్ నుంచి నలభై కిలోమీటర్లు, టికెట్ 1,50,000. చుట్టూ కొండలు, మధ్యలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్నేలిన చంపా రాజుల శివాలయాలు. నాలుగో శతాబ్దంలో భద్రవర్మ ఇక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. ఎర్ర ఇటుక గోడ మీద వేలు పెట్టి చూశాను, ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం గీత కనిపించదు. 1969లో అమెరికా బాంబులకి కూలిన గుళ్ల పక్కనే గుంటలు ఇంకా ఉన్నాయి. మన పురావస్తు శాఖ వాళ్లు ఇక్కడ మరమ్మతులు చేస్తుండగానే 2020లో ఇసుకరాతి శివలింగం బయటపడింది. ఆ మాట చెప్పగానే అత్తగారు చెప్పులు విప్పేశారు. కాపలా అతను కంగారుపడి చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నోట అలక మాట లేదు.

హోయాన్‌లో అదృష్టం కూడా కలిసొచ్చింది, పౌర్ణమి పడింది. పౌర్ణమికీ చాంద్రమాన నెల మొదటి రోజుకీ వియత్నాం వాళ్లలో చాలామంది శాకాహారమే తింటారు. "కోమ్ చాయ్" (శాకాహార భోజనం) అని బోర్డున్న చిన్న కొట్టులో 40,000కి అన్నం, టోఫు, వెల్లుల్లితో వేయించిన తూటికూర. అత్తగారు రెండోసారి పెట్టించుకున్నారు. పాతబస్తీ టికెట్ 1,20,000, అయిదు చోట్లు మనమే ఎంచుకోవచ్చు. లాంతర్ల పడవల దగ్గర మాత్రం తోపులాట, నాకు నచ్చలేదు.

రోజులు తక్కువైతే హనోయ్‌లోనే కోత పెట్టండి. మీ సన్‌కి మధ్యాహ్నపు టూర్ బస్సు వద్దు, ఎండకి గుళ్లు కనపడవు, నీడే వెతుక్కుంటారు. కారు మాట్లాడుకుని ఎనిమిదిలోపు అక్కడుండండి.