ఎనిమిదేళ్లు వాడిన హాన్స్, ఆరు పట్టీల బెల్టు: కారు తలకిందులయ్యాక రాస్తున్న సమీక్ష

నేను ర్యాలీల్లో నావిగేటర్‌ని. డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని పేస్ నోట్స్, అంటే ముందు వచ్చే మలుపుల వివరాలు రాసుకున్న పుస్తకం, చదవడం నా పని. 2016లో హాన్స్, అంటే కారు గుద్దుకున్నప్పుడు తల ముందుకు విసురుగా పోకుండా పట్టే మెడ కవచం, కొన్నాను. ఎనిమిదేళ్లు దాటినా ఇంకా అదే నా మెడ మీద ఉంది. బెల్టులు మాత్రం ఇప్పుడు మూడో సెట్. కొన్న కొత్తలో రాసి ఉంటే బరువు గురించో, కుట్టు గురించో రాసేవాణ్ణి. 2022లో చిక్కమగళూరు కాఫీ తోటల మధ్య మా కారు ఒకటిన్నర పల్టీ కొట్టి టాప్ మీద ఆగింది. ఈ సామాను అసలు ఎందుకు పనికొస్తుందో ఆ రోజే తెలిసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు బెల్టు సంగతి. ఆరు పట్టీలు ఉంటాయి: నడుముకి రెండు, భుజాలకి రెండు, కాళ్ల మధ్య నుంచి వచ్చేవి రెండు. అన్నీ పొట్ట దగ్గర ఒకే బకిల్‌లోకి దిగుతాయి. దాన్ని తిప్పితే అన్నీ ఒకేసారి ఊడతాయి. నా మొదటి సెట్ తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. చూడటానికి కొత్తగానే ఉంది. స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు అధికారులు కారునీ సామానునీ చూసే తనిఖీలో, లేబుల్ మీది సంవత్సరం చూసి పక్కన పెట్టేశారు. అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ముద్ర ఉన్న బెల్టుకి ఐదేళ్లే ఆయుష్షు, ఏ ఏడాది చివరిదాకా పనికొస్తుందో లేబుల్ మీదే ఉంటుంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎండకీ చెమటకీ నైలాన్, పాలిస్టర్ లోపల్లోపలే బలం కోల్పోతాయని, అది కంటికి కనిపించదని తర్వాత అర్థమైంది.

బెల్టు ఎంత మంచిదైనా బిగించే తీరులోనే సగం ప్రాణం ఉంది. ముందు నడుము పట్టీలు. అవి పొట్ట మీద కాదు, కింద తుంటి ఎముకల మీద కూర్చోవాలి. పొట్ట మీద ఉంటే దెబ్బ తగిలినప్పుడు లోపలి అవయవాలు నలుగుతాయి. వాటిని ఇక లాగలేం అన్నంతగా లాగాక భుజాల పట్టీలు. మొదట భుజాలవి లాగితే బకిల్ పైకి జరిగి నడుము పట్టీ పొట్ట మీదికి ఎక్కేస్తుంది. ఊపిరి వదిలి, ఇంకో అంగుళం లాగాలి. సర్వీస్ పార్క్‌లో, అంటే కార్లకి మరమ్మతులు చేసే చోట, బిగుతుగా అనిపించిన బెల్టు, స్టేజ్ (టైమ్ లెక్కపెట్టి పరుగెత్తే రోడ్డు ముక్క) మొదట్లో రెండు కుదుపులు తిన్నాక వదులవుతుంది. ఆ సంగతి లెక్కలో పెట్టుకునే బిగించాలి.

నావిగేటర్లకి ప్రత్యేకంగా ఒక మాట. టైమ్ కంట్రోల్, అంటే మా సమయం నమోదు చేసే చోటు, దగ్గర కార్డు అందించాలి, వాచీ చూడాలి, ఒక్కోసారి దిగి పరుగెత్తాలి. అందుకని భుజాల పట్టీలు వదులు చేసుకుంటాం. స్టార్ట్ లైన్ దగ్గర కౌంట్‌డౌన్ మొదలయ్యేసరికి నోట్స్ మొదటి పేజీ మీదే దృష్టంతా ఉంటుంది, పట్టీలు మళ్లీ బిగించడం మర్చిపోతాం. మొదటి రెండు సీజన్లలో నేనెన్ని స్టేజీలు వదులు బెల్టుతో చేశానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పల్టీలో మనిషి పైకి లేస్తాడు. బెల్టు ఎంత వదులుగా ఉంటే తల అంత పైకి వెళ్లి, రోల్ కేజ్ (కారు లోపలి ఇనుప గొట్టాల చట్రం) గొట్టాన్ని వెతుక్కుంటుంది. ఇప్పుడు నా నోట్ బుక్‌లో ప్రతి స్టేజ్ మొదటి పేజీ పైన ‘బెల్ట్’ అని ఎర్ర ఇంకుతో రాసుకుంటాను. అది పైకి చదివి, ఇద్దరం బిగించుకున్నాకే మొదటి మలుపు చదువుతాను.

ఇక హాన్స్. చూడటానికి గుర్రపు నాడాలా ఉంటుంది. రెండు కొమ్ములు భుజాల మీదుగా ఛాతీ పైకి వస్తాయి, వెనక కాలర్ తల వెనక నిలబడుతుంది. కాలర్ నుంచి వచ్చే తాళ్లు హెల్మెట్‌కి రెండు వైపులా బిగుసుకుంటాయి. భుజాల బెల్టు దాని మీదుగా వెళ్లి దాన్ని ఒంటికి అదిమి పెడుతుంది. కారు ఎదురుగా దేన్నైనా గుద్దినప్పుడు ఒంటిని బెల్టు ఆపుతుంది, తలని మాత్రం ఆపేదేమీ ఉండదు. హెల్మెట్ బరువు కూడా కలిసి తల ముందుకు విసురుగా వెళ్తే పుర్రె అడుగు భాగం విరగొచ్చు. అమెరికాలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది వరస అయిన రేసర్ జిమ్ డౌనింగ్ 1980ల మొదట్లో దీన్ని తయారు చేశారు. చాలా ఏళ్లు డ్రైవర్లు దీన్ని ఇబ్బందిగానే చూశారు. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసులో పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాక అమెరికాలో పరిస్థితి మారింది, 2003 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరి అయింది.

వాడుకలో ఇబ్బందులు ఉన్నాయి, దాచను. మొదటి సీజన్‌లో కాలర్ బోన్ మీద రెండు వైపులా చర్మం కమిలిపోయింది. మెడ కొలతకి సరిపడే సైజు, సీటు వాలుకి సరిపడే కోణం చూసుకుని కొనాలని అప్పటికి తెలియదు. మామూలు టాప్ ఉన్న ర్యాలీ కార్లలో ఎక్కువమందికి 20 డిగ్రీలది సరిపోతుంది. పైగా నావిగేటర్ తల వంచి ఒళ్లోని పుస్తకం చూడాలి. తాళ్లు తలని అంత కిందికి వంగనివ్వవు. తాళ్లు పొడుగు చేయించుకుంటానని ఒక సీనియర్‌తో అంటే గట్టిగా కోప్పడ్డారు. తాడు పొడుగయ్యేకొద్దీ రక్షణ తగ్గుతుంది. కళ్లు దించడం కాదు, పుస్తకాన్ని పైకి తేవడం నేర్చుకున్నాను. ఫుట్ రెస్ట్ ముందుకు జరిపి మోకాళ్లు ఎత్తితే పుస్తకం తొడల మీద నిలబడుతుంది. ఓ నెల ప్రాక్టీస్, అంతే.

తాళ్లు ఒకసారి మార్చాను. కాలర్ అడుగున మెత్తలు రెండుసార్లు మార్చాను. మిగతాదంతా 2016లో కొన్నదే.

ఆ రోజు సంగతికి వస్తాను. ఎడమ మలుపు, బయటివైపు తెగిన మట్టి గట్టు. రెక్కీలో, అంటే పోటీకి ముందు దారి చూసుకునేటప్పుడు, గుర్తు పెట్టుకున్నదే, కానీ ముందు వెళ్లిన కార్లు మట్టిని బాగా లోతుగా దున్నేశాయి. చక్రం ఆ గాడిలో చిక్కుకుంది. కారు పక్కకి లేవడం నాకు తెలిసింది. చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టి భుజాల పట్టీలు పట్టుకున్నాను. ఇది ముందే అలవాటు చేసుకున్న పని. పల్టీలో చేతులు గాలిలో ఎగురుతాయి, పైకప్పుకో కిటికీకో ఆనించాలని చూస్తాయి, అక్కడే నలిగిపోతాయి. కాళ్లు ఫుట్ రెస్ట్‌కి తన్ని పెట్టాను. పల్టీ కొడుతున్నంతసేపూ హెల్మెట్ తలకి రెండు పక్కలా ఉండే సీటు రెక్కలకి అటూ ఇటూ తగిలింది గానీ గొట్టానికి తగల్లేదు. తల పక్కకి పోకుండా కాపాడింది ఆ సీటు రెక్కలే. ముందుకి విసురుగా పడకుండా పట్టింది హాన్స్. ఒక్కో వస్తువు ఒక్కో దిక్కుకే కాపలా కాస్తుంది. హాన్స్ ఒక్కటి ఉంటే చాలనుకునేవాళ్లకి ఇది చెప్పాలి.

ఆగాక కొద్ది క్షణాలు చప్పుడే లేదు. ఎర్ర దుమ్ము. నా పెన్సిల్ పైకప్పు మీద దొర్లుతూ కనిపించింది. అంటే పైకప్పే ఇప్పుడు నేల అని అప్పుడు గ్రహించాను.

“అన్నా, బాగున్నావా?” అన్నాడు మావాడు, అంటే డ్రైవర్. అనంతపురం కుర్రాడు, నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న.

“బాగున్నా. ఇంజన్ ఆపు. మెయిన్ స్విచ్ ఆపు. నేను చెప్పేదాకా బెల్టు ముట్టుకోకు.”

ఆ చివరి మాట కోసమే ఈ సమీక్షంతా రాస్తున్నాను. పల్టీ అయిపోయిందంటే ప్రమాదం అయిపోయినట్టు కాదు. తలకిందులుగా వేలాడుతున్నవాడికి మొదట వచ్చే ఆలోచన బకిల్ తిప్పేసి బయటపడటం. తిప్పగానే డెబ్భై ఎనభై కిలోల ఒళ్లు తల మీద, మెడ మీద పడుతుంది. పల్టీలో హాన్స్, సీటు, బెల్టు కలిసి కాపాడిన మెడను మన చేత్తో మనమే విరుచుకున్నట్టు అవుతుంది. మేం మా గ్యారేజీలో ఏడాదికి రెండుసార్లు, పాత సీటుని ఇనుప ఫ్రేముకి బిగించి తిరగేసి, కింద పరుపులు వేసి, నలుగురు పట్టుకుని ఉండగా ఇది సాధన చేస్తాం. ఆ సాధనే ఆ రోజు పనికొచ్చింది.

చేయాల్సింది ఇది. కాళ్లు గట్టిగా తన్ని పట్టాలి, తుంటి సీట్లోకి అదుముకోవాలి. ఒక చెయ్యి పైకప్పుకి, అంటే ఇప్పుడు కింద ఉన్నదానికి, మోచెయ్యి కొంచెం వంచి ఆనించాలి. హాన్స్ తాళ్లు వంగనిచ్చినంతవరకు గడ్డం ఛాతీ వైపు వంచి, రెండో చేత్తో బకిల్ తిప్పాలి. అప్పుడు ఒళ్లు భుజాల మీదికి మెల్లగా దిగుతుంది. ఇద్దరూ ఒకేసారి తిప్పకూడదు, ఒకరి మీద ఒకరు పడతారు. ఇంటర్‌కామ్ వైరు ముందే పీకేయాలి. మావాడు మర్చిపోయాడు. కిటికీలోంచి సగం బయటికి వచ్చాక వైరు హెల్మెట్‌ని వెనక్కి లాగింది, నేను లోపలి నుంచి పీకాల్సి వచ్చింది. బయటికి పాకేటప్పుడు హాన్స్ కాలర్ కూడా సీటు అంచుకి తగులుతుంది. పక్కకి ఒరిగి, ఒక భుజం ముందు పెట్టి పాకాలి. మెడలో నొప్పి గానీ, చేతుల్లో తిమ్మిరి గానీ ఉంటే, మంట లేనంతవరకు ఇవేవీ చేయొద్దు. అలాగే ఉండి డాక్టర్ కోసం ఆగాలి. మంట ఉంటే మాత్రం ఎలాగైనా బయటపడాల్సిందే.

బయటపడ్డాక మేం చేసిన మొదటి పని కారు దగ్గర నుంచి దూరం పోవడం. వెనక కారుకీ మాకూ రెండు నిమిషాల తేడా. మేం ఎక్కడ రోడ్డు తప్పామో వాళ్లూ అక్కడే తప్పొచ్చు. అందుకని మలుపు బయటివైపు నిలబడకూడదు. లోపలివైపు గట్టెక్కాం. మావాడు ఎర్ర త్రికోణం పట్టుకుని వెనక్కి పరుగెత్తి, యాభై మీటర్ల పైన రోడ్డు పక్కన పెట్టాడు. నేను బోర్డు తీశాను. ఒకవైపు ఆకుపచ్చ రంగులో ఓకే, ఇంకోవైపు ఎర్ర రంగులో ఎస్‌ఓఎస్. ఓకే చూపిస్తే వాళ్లు సాగిపోతారు. ఎస్‌ఓఎస్ చూస్తే మొదట వచ్చినవాళ్లు ఆగి సాయం చేయాలి, రెండో కారు వెళ్లి తర్వాతి రేడియో పాయింట్‌లో చెప్పాలి. మా బోర్డు డోర్ జేబులో ఉండటం వల్ల తలకిందులైనా దొరికింది. సీటు వెనక పెట్టేవాళ్లు దయచేసి మార్చండి.

ఈలోగా తోటలో పనిచేసేవాళ్లు పదిమంది దాకా వచ్చేశారు. ఎంత మంచి మనుషులంటే, నీళ్లిచ్చారు, నా భుజం మీది అద్దం ముక్కలు దులిపారు. వెంటనే కారుని నిలబెట్టేద్దామని చేతులు వేశారు. నాకొచ్చిన కాస్త కన్నడంలో వద్దని బతిమాలాను. లోపల మనుషులుండగా ఎవరైనా అలా తిప్పితే మెడకి దెబ్బ తగలొచ్చు. మనుషులు లేకపోయినా కారుతున్న పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద పడొచ్చు. హెల్మెట్ తీసేయమని కూడా అందరూ అంటారు. మెడ బాగుందని తేలేదాకా హెల్మెట్ తీయనివ్వకూడదు. డాక్టర్ వచ్చి చూశాకే నేను తీశాను.

డాక్టర్‌తో బాగానే ఉన్నానని చెప్పాను. నిజంగానే అలా అనిపించింది. రాత్రి భోజనం దగ్గర వెలుతురు చూడలేకపోయాను, కడుపులో తిప్పింది. మర్నాడు స్కాన్‌లో ఏమీ లేదు గానీ కంకషన్, అంటే మెదడు కుదుపుకి లోనైందని, చెప్పి మూడు వారాలు డ్రైవింగ్ మాన్పించారు. 2020 మాంటే కార్లో ర్యాలీలో డ్రైవర్ ఓట్ తానక్, ఆయన నావిగేటర్ మార్టిన్ యార్వేయోయా గంటకి 180 కిలోమీటర్ల దరిదాపు వేగంలో కొండ మీంచి ఎగిరిపోయి, నడుచుకుంటూ బయటికి వచ్చారు. అయినా ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్షించారు. తలకి దెబ్బ తగిలిందో లేదో ఆ గంటలో మన మనసు చెప్పేది నమ్మలేం. ఆ రాత్రి పక్కన ఎవరైనా ఉండాలి. ఇంటికి కారు తోలుకుంటూ అసలు పోకూడదు.

సామాను సంగతి. హెల్మెట్ పైకి గీతలే కనిపించినా మార్చేశాను, లోపలి ఫోమ్ దెబ్బని ఒక్కసారే ఆపగలదు. హాన్స్‌లో పగుళ్లు లేవని చూపించుకుని తాళ్లు మాత్రం మార్చాను. ఇందాక చెప్పిన మార్పు అదే. బెల్టుల లేబుల్ మీద 2024 దాకా ఉంది. ముప్పై వేల పైన పెట్టి కొన్నవి, ఇంకా రెండేళ్లుందని మనసు ఒప్పుకోలేదు. కానీ ఒకసారి మనిషి బరువుని అంత వేగంలో ఆపిన పట్టీ సాగిపోతుంది, రెండోసారి అలా ఆపలేదు. తీసేశాను. ఎవరైనా అడిగి తీసుకెళ్లి వాడతారేమోనని, కారులో ఉండే రెండు బెల్టు కట్టర్లతోనే కోసేద్దామని కూర్చున్నాం.

అప్పుడు బయటపడింది. డ్రైవర్ వైపు కట్టర్‌తో పట్టీని బిగలాగి, ఏటవాలుగా కోస్తే ఒక్క లాగుకి తెగింది. నా వైపుది నాలుగు లాగులకి కూడా తెగలేదు. ఏళ్ల తరబడి దుమ్ములో, తేమలో ఉండి బ్లేడు తుప్పు పట్టింది. ప్రతి స్క్రూటినీలో అది ఉందా లేదా అని చూశారు, నేనూ ఉందనే చూసుకున్నాను. ఆ రోజు నా బకిల్ ఇరుక్కుని ఉంటే చేతిలో ఉండేది అదే. ఇప్పుడు సీజన్ మొదట్లో రెండు కట్టర్లనీ పాత పట్టీ ముక్క మీద కోసి చూస్తాను, బెల్టు బిగించుకుని కూర్చుని రెండు చేతులకీ అందుతున్నాయో లేదో చూసి మళ్లీ క్లిప్పులో పెడతాను. ఆ పాత పట్టీ ముక్కలు నా టూల్ బాక్స్‌లో ఇంకా ఓ మీటరున్నర దాకా ఉన్నాయి.