విజయనగరం కంటోన్మెంట్‌లో ఫుట్‌బాల్ శిక్షణ: పిల్లలను చేర్పించదలచిన వారికి

విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఒక పాఠశాల మైదానంలో సాయంత్రం వేళ నడుస్తున్న ఫుట్‌బాల్ శిక్షణకు మా అబ్బాయిని గత వేసవి నుంచి పంపుతున్నాను. శిక్షకుడు నైజీరియా నుంచి యువకుడిగా వచ్చి, కోల్‌కతా లీగ్‌లో సెంటర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో నిలిచి ఎదుటివారిని ఆపే డిఫెండర్‌గా ఆడి, మోకాలి గాయంతో వేగం తగ్గిన తరువాత కేరళలోని మలబారులో జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే సెవెన్స్ పోటీలలో కొన్ని సీజన్లు గడిపి, చివరకు భార్య సొంత జిల్లా అయిన విజయనగరంలో స్థిరపడ్డారు. ‘ఫుట్‌బాల్ సార్’ అంటే ఆ చుట్టుపక్కల ఆటోవాళ్లు కూడా మైదానం చూపిస్తారు. కొడుకు వారం తిరిగేసరికి గోల్స్ కొట్టాలని ఆశించే తల్లిదండ్రులకు ఈ శిక్షణ నచ్చదు. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే పసిగట్టే ఆటగాడిని తయారుచేసే పని మాత్రం ఇక్కడ జరుగుతున్నంత శ్రద్ధగా మన జిల్లాలో మరెక్కడా నేను చూడలేదు.

మొదటి వారాలలో పిల్లలచేత గోల్ వైపు బంతి తన్నించరు. బంతితో వస్తున్న ఆటగాడికి ఎదురుగా వేగంగా వెళ్లి, చివరి రెండు మూడు అడుగులు చిన్నవిగా వేసి ఆగడం, రెండు పాదాలూ ఒకే వరుసలో పెట్టకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడటం, అతని కాళ్ల విన్యాసాన్ని పట్టించుకోకుండా బంతినే చూడటం, అతన్ని మైదానం మధ్యకు రానివ్వకుండా పక్క గీత వైపు నెట్టుకుపోవడం, ఈ నాలుగింటి మీదే గంటల తరబడి సాధన ఉంటుంది. తొందరపడి బంతి లాక్కోవడానికి (ట్యాకిల్‌కు) కాలు చాచినవాడిని ఆపి, అతని వెనక ఎంత ఖాళీ ఏర్పడిందో అక్కడికే నడిపించి చూపిస్తారు. ఊళ్లో కబడ్డీ చూసిన తరువాత సార్ దానిని కూడా పాఠంలోకి తెచ్చుకున్నారు: రైడర్ మీదకు ముందుగా దూకిన వాడే ఔటవుతాడని మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు కనుక, ఓపిక పట్టడం ఎందుకో వారికి వెంటనే అర్థమవుతుంది. ఒకరోజు గట్టు మీద కూర్చున్న ఒక మామ్మగారు, ‘‘అదేటి బాబూ, డబ్బులు కట్టించుకుని గోలు కొట్టడం నేర్పరేటి?’’ అని అడిగేశారు. ‘‘నేర్పుతాను అమ్మా, ముందు నిలబడటం రావాలి’’ అని ఆయన తెలుగులోనే జవాబిచ్చారు. ఆమె ఒప్పుకున్నట్టు నాకు అనిపించలేదు.

డిఫెండర్లు మంచి శిక్షకులు కావడంలో వింత లేదు, వారు ఆడినంత కాలం మైదానమంతా వారి కళ్ల ముందే ఉంటుంది. సొంత దేశం వదిలి ఆడి, ఆ తరువాత శిక్షకులైన డిఫెండర్లలో సార్ తరచుగా తలుచుకునేది స్టీఫెన్ కేషీని. నైజీరియా నుంచి ఐవరీ కోస్ట్‌కు, అక్కడి నుంచి బెల్జియంకు వెళ్లి ఆండర్‌లెక్ట్ క్లబ్బుకు ఆడిన కేషీ, 1994లో కెప్టెన్‌గానూ 2013లో కోచ్‌గానూ తన దేశానికి ఆఫ్రికా కప్ తెచ్చారు. టోగో జట్టును మొట్టమొదటిసారి 2006 ప్రపంచ కప్‌కు అర్హత సాధించేలా చేసిన మనిషిని ఆ పోటీ మొదలుకాకముందే పదవి నుంచి తప్పించారు. కోచ్ ఉద్యోగం ఎంత నమ్మరానిదో చెప్పడానికి సార్ ఈ సంగతినే వాడతారు. మన దేశానికి తెలిసిన ఉదాహరణ ఇగోర్ స్టిమాచ్: 1998 ప్రపంచ కప్‌లో మూడవ స్థానం పొందిన క్రొయేషియా జట్టులో డిఫెండర్, ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ, వెస్ట్ హామ్ క్లబ్బులకు ఆడినవాడు, 2019 నుంచి 2024 వరకు భారత జట్టు కోచ్.

సార్ పాఠాలలో ఆటకు బయటి విషయాలు కూడా ఉన్నాయి, నా దృష్టిలో వాటి విలువ తక్కువ కాదు. పెద్ద పిల్లలను ఆదివారం కూర్చోబెట్టి, విదేశీ ఆటగాళ్ల కోటాలో క్లబ్బులు ఎక్కువగా గోల్స్ కొట్టే స్ట్రైకర్ల కోసమే ఎందుకు వెతుకుతాయో, ఒక్క సీజన్‌కే కుదిరే ఒప్పందంతో పరాయి ఊళ్లో బతకడం ఎలా ఉంటుందో, ట్రయల్స్ పేరుతో ముందే డబ్బు అడిగే ఏజెంటును ఎందుకు నమ్మరాదో వివరిస్తారు. ఒప్పందం కాగితం మొత్తం చదవకుండా సంతకం పెట్టవద్దన్నది ఆయన అనుభవంతో చెప్పే మాట.

చిన్న పిల్లలచేత హెడింగ్ (బంతిని తలతో కొట్టడం) చేయించకపోవడం నాకు బాగా నచ్చిన అంశం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లోనే ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు సాధనలో హెడింగ్ వద్దని సూచించింది. ఆ సంగతి ఇక్కడ ఒక మైదానంలో అమలవుతుందని నేను ఊహించలేదు. డిఫెండర్ కూడా చక్కని పాస్ ఇవ్వగలగాలన్న పట్టుదల సార్‌కు ఉంది. సహ ఆటగాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టరాదన్న నియమం 1992లో వచ్చిన నాటి నుంచి, బంతిని వెనక్కి తన్ని ఊపిరి పీల్చుకునే డిఫెండర్‌కు చోటు లేకుండా పోయింది కదా.

లోపాలు లేకపోలేదు. అయిదు గంటలకని చెప్పిన శిక్షణ అయిదున్నరకు గాని మొదలుకాదు, మైదానంలో సగం క్రికెట్ ఆడేవారి చేతిలో ఉండటమే ఇందుకు కారణం. 1936లో భారత క్రికెట్ జట్టుకు ఇంగ్లండ్‌లో కెప్టెన్‌గా ఉన్న విజ్జీ ఊరిలో ఇంకోలా ఉంటుందని ఎవరూ అనుకోరు గాని, నేరుగా వచ్చే క్రికెట్ బంతి నుంచి పిల్లలను కాపాడే వల ఒకటి కట్టాలి. ప్రథమ చికిత్స పెట్టె లేదు. రుసుము నెలకు రూ.1,500, అడిగితే తప్ప రసీదు ఇవ్వరు. బయటి జట్లతో మ్యాచ్‌లు బాగా తక్కువ. శిక్షకుడి అర్హత గురించి అడగడానికి మొహమాటపడనక్కరలేదు, సార్ తన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) డి లైసెన్స్‌ను తానే తీసి చూపించారు.

బూట్లు మీరే కొనాలి. ఇక్కడి నేల గట్టిది కనుక అడుగున పొడవైన స్టడ్స్ (పట్టు కోసం ఉండే బుడిపెలు) ఉన్నవి కాకుండా, కురచ రబ్బరు స్టడ్స్ ఉన్నవి తీసుకుంటే చీలమండలకు మంచిది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇంటి దగ్గర సాధనకు నాలుగో సైజు బంతి చాలు.

ఆడపిల్లలకు ఇప్పటికైతే విడిగా బ్యాచ్ లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా అని నేనూ, మరో ఇద్దరు తల్లులూ గుర్తుచేసిన తరువాత, ఎనిమిది మంది పేర్లు ఇస్తే ఉదయం ఆరింటికి మొదలుపెడతానని సార్ ఒప్పుకున్నారు. ఇప్పటికి అయిదు పేర్లు వచ్చాయి.