గెలుపు ఎక్కడ ఆగింది? 1918, 1973

మొదటి ప్రపంచ యుద్ధం చివర జర్మనీ మీద మిత్రరాజ్యాలు, 1973లో ఈజిప్టు మీద ఇజ్రాయెల్ చేసిన రెండు ఎదురుదాడులూ శత్రువును పూర్తిగా నలిపేయకుండానే ఆగాయి. ఒకటి మరో యుద్ధానికి దారి వేసింది, రెండోది ఒప్పందానికి.

1918 ఆగస్టు 8న ఫ్రాన్స్‌లోని అమియాన్ దగ్గర మిత్రరాజ్యాలు దాడి మొదలుపెట్టాయి. నవంబరు 11న కాంపియేన్ అడవిలో, ఒక రైలుపెట్టెలో, యుద్ధవిరామం కుదిరింది. జర్మన్ సైన్యం ఓడింది నిజమే, కానీ బెర్లిన్ వీధులు ఆ ఓటమిని కళ్లారా చూడలేదు. డిసెంబరులో తిరిగొచ్చిన సైనికులతో, మిమ్మల్ని ఏ శత్రువూ ఓడించలేదని కొత్త జర్మన్ ప్రభుత్వాధినేత ఎబర్ట్ స్వయంగా అన్నాడు. ఆ మాటే నాకు గుండెల్లో గుచ్చుకుంటుంది. ఓడలేదనుకున్నవాళ్లకు, యుద్ధం తర్వాత జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ సంధి అన్యాయంగానే కనిపిస్తుంది కదా! సైన్యం ఓడలేదు, సొంతవాళ్లే దాన్ని మోసం చేశారన్న వెన్నుపోటు కథ అలా బలపడింది.

1973 అక్టోబరులో ఈజిప్టు సూయజ్ కాలువ దాటి, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న సినాయ్ ద్వీపకల్పంలోకి అడుగుపెట్టింది. ఇజ్రాయెల్ ఎదురుదాడిలో కాలువను అవతలి వైపుకు దాటి, ఈజిప్టు మూడో సైన్యాన్ని చుట్టుముట్టింది. కానీ అమెరికా ఒత్తిడితో దాన్ని తుడిచిపెట్టలేదు. కైరో–సూయజ్ రోడ్డు మీద 101వ కిలోమీటరు దగ్గర రెండు దేశాల సైనికాధికారులు ఎదురెదురుగా కూర్చున్నారు. ముట్టడిలో ఉన్నవాళ్లకు నీళ్లూ తిండీ ఎలా పంపాలన్నది వాళ్ల ముందున్న తక్షణ సమస్య. ఈజిప్టుకు కాలువ దాటిన గౌరవం మిగిలింది, ఇజ్రాయెల్‌కు తన బలహీనత తెలిసొచ్చింది. 1979లో శాంతి ఒప్పందం, 1982లో ఈజిప్టుకు సినాయ్ అప్పగింత.

నా లెక్కలో అసలు తేడా ఆ రోడ్డు పక్కనే ఉంది. వెర్సాయ్‌లో జర్మన్లకు షరతులు రాసి చేతిలో పెట్టారు. ఇక్కడ ఇద్దరూ మాట్లాడుకున్నారు.