మహబూబ్‌నగర్‌లో కుందేలుకు గర్భసంచి ఆపరేషన్: ఈ పెట్ క్లినిక్‌పై నా అభిప్రాయం

పాలమూరులో పశువైద్యం అంటే ప్రధానంగా గొర్రెలు, మేకలు, ఆవులు, బర్రెలే. పట్టణంలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసేవారు ఉన్నా, కుందేలుకు మత్తు ఇచ్చి పొట్ట కోయడానికి ఒప్పుకునేవారు అరుదు. మా ముందున్న మరో దారి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కళాశాల ఆసుపత్రికి వెళ్లడం. అక్కడి వైద్యంపై సందేహం లేదు గానీ, కుట్లతో ఉన్న కుందేలును సుమారు 90 కిలోమీటర్లు కారులో కుదుపుతూ తీసుకురావడం ఇష్టం లేక మా మల్లికి ఊళ్లోని ఈ క్లినిక్‌లోనే ఆపరేషన్ చేయించాము. ఆపరేషన్ విషయంలో, నొప్పి తగ్గించే విషయంలో వీరికి పూర్తి మార్కులు వేస్తాను; ఆపరేషన్ తర్వాత జంతువును ఉంచే ఏర్పాటు విషయంలో వేయలేను.

మొదటి సంప్రదింపులోనే డాక్టరు గారిపై నమ్మకం కుదిరింది. మల్లిని బల్లపై పెట్టగానే సూది తీయకుండా, అది రోజూ ఏం తింటుంది, ఎండుగడ్డి ఎంత, పెంటికలు ఏ పరిమాణంలో వేస్తుంది అని అడిగారు. దవడ పళ్లు చూశారు, గర్భం ఏమైనా ఉందేమోనని పొట్ట తడిమి చూశారు. నాలుగు నెలలు దాటిన ఆడ కుందేలు మగదానితో కలిసి ఉంటే గర్భం నిలవడానికి ఎక్కువ సమయం పట్టదు, నెల తిరిగేసరికి పిల్లలు పుడతాయి కాబట్టి ఈ పరీక్ష అనవసరం కాదు. మూడు నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుందనీ, చిన్న వయసులోనే గర్భసంచి, అండాశయాలు తీసేస్తే ఆ భయం ఉండదనీ వివరించారు. అయితే మేము వెళ్లింది ఎండాకాలం కావడంతో తేదీ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుతుంది, మన దగ్గర మే నెలలో పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది. ఆపరేషన్ నుంచి కోలుకుంటున్న జంతువుకు ఆ వేడి అదనపు భారమని చెప్పి వానలు పడ్డాక రమ్మన్నారు. వచ్చిన బిల్లును వాయిదా వేసుకునే క్లినిక్ అంటే నాకు గౌరవం.

ఇక్కడే ఒక లోపం చెప్పాలి. రిసెప్షన్‌లో ఇచ్చే అచ్చు కాగితంలో, ముందు రాత్రి నుంచి ఆహారం, నీరు ఇవ్వకూడదని ఉంది. అది కుక్కల కోసం వేయించిన కాగితం. డాక్టరు గారు ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి, బయలుదేరే వరకు గడ్డి, నీళ్లు ఇవ్వండి అని పక్కన రాశారు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపు ఖాళీగా ఉంచాల్సిన పని లేదు. పైగా మేత ఆగితే పేగుల కదలిక మందగించి, గ్యాస్ నిండి, ఆపరేషన్ కన్నా పెద్ద ప్రమాదం వచ్చిపడుతుంది. మత్తు ఇచ్చే ముందు కాసేపు మాత్రం నోట్లో మేత లేకుండా చూసుకుంటారు. డాక్టరు గారు ఆ రోజు కౌంటర్ దగ్గర లేకపోతే ఆ కాగితం అలాగే మా చేతికి వచ్చేది. కుందేళ్లకు వేరే కాగితం అచ్చు వేయించడానికి పెద్ద ఖర్చు కాదు.

ఆపరేషన్ రోజు మల్లిని గ్రాములు చూపించే కాటాపై తూచి, ఆ బరువును బట్టే మత్తు మందు లెక్క కట్టారు. ముందు సూది, తర్వాత ఐసోఫ్లూరేన్ గ్యాస్. చెవి అంచున ఉండే నరానికి సెలైన్ పెట్టారు. మత్తులో చిన్న జంతువుల ఒళ్లు త్వరగా చల్లబడుతుందని, గోరువెచ్చని నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి రెండు పక్కలా ఉంచారు. బయట చర్మంపై కొరికి లాగడానికి ఒక్క దారం కూడా కనిపించకుండా, కరిగిపోయే దారంతో లోపలి కుట్లు వేయడం నాకు బాగా నచ్చిన పని. కుట్లను నాకకుండా మెడ చుట్టూ వేసే ప్లాస్టిక్ గొట్టం తొడగలేదు. పోషకాల కోసం కుందేలు తన మెత్తని రెట్టను నేరుగా నోటితో అందుకుని తినాలి, ఆ గొట్టం ఉంటే అది కుదరదు.

తర్వాత ఉంచిన చోటు మాత్రం సరిగా లేదు. కుక్కలున్న హాల్లోనే, వాటికి ఎదురుగా ఉన్న బోనులో పెట్టారు. మత్తు దిగుతున్న కుందేలు ప్రతి మొరుగుకూ చెవులు వెనక్కి వాల్చి మూలకు ఒదిగిపోతుంటే, మేము అడిగాకే లోపలి మందుల గదిలోకి మార్చారు. అడగకముందే జరగాల్సిన పని ఇది.

తనంతట తాను ఏదో ఒకటి తినే వరకు ఇంటికి పంపబోమన్నారు. సాయంత్రానికి మేము తీసుకెళ్లిన కొత్తిమీర కాడ ఒకటి మెల్లగా నమిలింది, అప్పుడే సంతకం పెట్టించుకుని పంపారు. నొప్పికి మెలోక్సికామ్ చుక్కలు, ఇన్‌ఫెక్షన్ రాకుండా ఎన్రోఫ్లాక్సాసిన్ రాశారు. కుందేలుకు మెలోక్సికామ్ కిలో బరువుకు కుక్క కన్నా ఎక్కువే కావాలి కాబట్టి, ఇంట్లో కుక్క మందు ఉందని అదే లెక్కన వేయకూడదట. అమాక్సిసిలిన్ వంటి మందులను నోటి ద్వారా ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దని రెండుసార్లు చెప్పారు. అవి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి ప్రాణం మీదికి తెస్తాయి. సిరంజితో తినిపించే పొడి వారి దగ్గరే అమ్ముతారు, ధర ఎక్కువే. అది కొనాల్సిందేనని పట్టుబట్టకుండా, రోజూ తినే గుళికల దాణాను గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తగా చేసి, ముందు పళ్ల పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టవచ్చని చూపించారు.

ఇంట్లో నున్నటి టైల్స్‌పై కాళ్లు జారి కుట్లు సాగకుండా పాత నూలు దుప్పటి పరిచి, గెంతడానికి వీలులేని చిన్న చోటులో ఉంచాము. పెద్దవాళ్లు పసుపు, కొబ్బరినూనె రాద్దామన్నారు గానీ డాక్టరు గారు ఏదీ వద్దన్నారు. ఏది రాసినా నాకేస్తుంది. వానాకాలంలో గాయంపై ఈగలు వాలకుండా దోమతెర కట్టాము. ఈగలు రాకుండా ఉండాలని, కుక్కలకు పిడుదుల కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే వాడకూడదు, కుందేలుకు అది విషం. మొదటి రాత్రి పెంటికలు ఆవగింజ కన్నా కాస్త పెద్దవిగా, గట్టిగా ఉన్నాయి. తర్వాత క్రమంగా శనగగింజ పరిమాణానికి వచ్చాయి. ముడుచుకుని కూర్చుని పళ్లు నూరితే నొప్పి ఉన్నట్టనీ, పన్నెండు గంటలపాటు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే తీసుకురావాలనీ చెప్పారు.

అయితే రాత్రిపూట తీసుకువెళ్తే చూసేవారు లేరు. మొదటి రాత్రి పేపరుపై పెట్టి వాట్సాప్‌లో పంపిన పెంటికల ఫోటోకు జవాబు తెల్లవారాకే వచ్చింది. కనీసం ఆపరేషన్ జరిగిన రాత్రికైనా ఫోన్ ఎత్తే మనిషిని పెట్టాలి. తర్వాతి పరీక్షకు ఫీజు తీసుకోలేదు, కుట్లు శుభ్రంగా మానాయి.

వెళ్లాలనుకునేవారు శనివారం తేదీ ఇస్తానంటే ఒప్పుకోకండి. ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది, సోమ, మంగళవారాల్లో చేయిస్తే మర్నాడు డాక్టరు గారు అందుబాటులో ఉంటారు. గడ్డి, అలవాటైన దాణా, బోనుపై కప్పడానికి ఒక నల్ల గుడ్డ ఇంటి నుంచే తీసుకెళ్లండి. లోపలి గది కావాలని ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి.